ఇంతకంటే చిన్న మానిటరు ఉందా?

మొన్నటి వానలకి మా అటక చెక్క ఉబ్బి కిందికి వంగిపోయింది. విరిగి ఎవరి నెత్తిన పడుతుందోనని పాత సామాన్లు కొనే అతన్ని పిలిచి అన్నీ దింపించాను. గోనెసంచులూ, తుప్పు పట్టిన ట్రంకుపెట్టే దిగాక మానిటర్లు దిగాయి. పెద్దదాన్ని నాకు అందివ్వబోయి ఆగి, "దీన్ని మీరు ఆపలేరమ్మా, జరగండి" అని తనే ఛాతీకి ఆనించుకుని నిచ్చెన దిగాడు. మూడింటినీ వసారాలో వరసగా పెట్టాం. ఇరవై ఒక్క అంగుళాలది, పదిహేను అంగుళాలది, తొమ్మిది అంగుళాలది. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఇంట్లో ముగ్గురు పిల్లలామ్మా?" అన్నాడు. పిల్లలు లేరనీ, అవి మా తమ్ముడివనీ చెప్పాను. "ముగ్గురు తమ్ముళ్లా?" అన్నాడు. "ఒక్కడే" అన్నాను. అతను మానిటర్ల వైపూ నా వైపూ చూసి, ఇక అడగడం బాగుండదనుకున్నాడేమో, తాడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఏ వస్తువు ఏ తేదీన గడప దాటి లోపలికొచ్చిందో, ఆ రోజు ఏ వారమో అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. మా చుట్టాలు తమ పిల్లల బాప్తిస్మం తేదీలు మర్చిపోతే నాకే ఫోను చేస్తారు. కానీ ఈ మానిటర్ల సంగతి రాద్దామని కూర్చుంటే తేదీలు దేనికీ పనికొచ్చేట్టు లేవు. ఒకటి పోయి ఇంకొకటి ఎందుకొచ్చిందన్నదే సంగతి. మా తమ్ముడు దయాకర్ పోయిన క్రిస్మస్‌కి ముందు నిద్రలోనే వెళ్లిపోయాడు. వాడి మానిటర్ల గురించి చెప్పాలంటే ముందు రేపల్లె వెళ్లాలి.

రేపల్లెలో రైలు ఆగిపోతుంది. తెనాలి నుంచి వచ్చే పట్టాలు అక్కడితో సరి. మా నాన్న అక్కడ మిషను బడిలో మాస్టారు. స్టేషను నుంచి వచ్చే దారిలో రెండు గదులూ ఒక వసారా ఉన్న పెంకుటిల్లు మాది. ఇప్పటికీ కిరసనాయిలు వాసన తగిలితే నాకు ఆ వసారాయే గుర్తొస్తుంది. పొద్దు వాలుతుంటే అమ్మ లాంతరు చిమ్నీని బూడిద అద్దిన గుడ్డతో తుడిచేది. లోపలికి చెయ్యి పట్టేది నాకే గనక చివరి తుడుపు నాది. వత్తి అంచులు కత్తిరించి, దీపం వెలిగించి, మధ్య గదిలో కొక్కేనికి తగిలించాక నాన్న బైబిలు తెరిచేవారు. ప్రార్థన అయ్యేదాకా ఎసరు సన్న సెగ మీద కుతకుతలాడుతుండేది. తమ్ముడు నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఆ వేళకి ఎక్కడున్నా నా దగ్గరికి వచ్చి ఓణీ చెంగు పట్టుకునేవాడు. పగలంతా లేడిపిల్లలా తిరిగేవాడు, దీపం పెట్టే వేళకి అడుగు తీసి అడుగు వేసేవాడు కాదు. నేను ముందు నడుస్తూ "మెట్టు" అంటే కాలెత్తేవాడు, "గుంట" అంటే ఆగేవాడు. అది మా ఇద్దరికీ ఆటలాగే ఉండేది. వాడికి రేచీకటి అని ఊళ్లో అందరికీ తెలుసు.

రేచీకటికి ఏం చెయ్యాలో కూడా అందరికీ తెలుసు. పొన్నగంటికూర పప్పు, మునగాకు వేపుడు, మేక కార్జం. ఆదివారం గుడి నుంచి వచ్చాక అమ్మ కార్జాన్ని మిరియాలతో వేయించేది. ఆ వాసనకే వాడు పెరట్లోకి పారిపోయేవాడు. "నాకొద్దమ్మా, అక్కకి పెట్టు" అని ఏడ్చేవాడు. ఒకరోజు అమ్మకి విసుగొచ్చి, "అక్కకి కళ్లున్నాయిరా, నీకే లేవు, తిని చావు" అంది. అనేసి, వంటింట్లోకి వెళ్లి ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చింది. పొయ్యిలో పొగ వల్ల కాదని ఆ వయసుకే నాకు తెలుసు. నాన్న ఎక్కడెక్కడి నుంచో చేపనూనె సీసాలు తెప్పించేవారు. ఎవరేం చెబితే అది పెట్టాం. వాడు అన్నీ మింగాడు. చీకటి చీకటిలాగే ఉండిపోయింది.

పనిచేసిన మందు ఒక్కటే. అది కడుపులోకి తీసుకునేది కాదు. మా ఇళ్లల్లో క్రిస్మస్‌కి వెల్ల వేస్తారు కదా. అమ్మ ఆ సున్నం కొంత కుండలో దాచి, మెట్ల అంచులకీ, గడపకీ, బావి గట్టుకీ, వసారా చివరకీ చేతి వెడల్పు గీత గీసేది. వాన పడి చెరిగితే మళ్లీ గీసేది. మసక వెలుతుర్లో వాడికి ఇల్లు కనపడేది కాదు గానీ ఆ తెల్లగీత కనపడేది. దాన్ని పట్టుకుని పెరటి దాకా ఒక్కడే వెళ్లొచ్చేవాడు. మా ఇంట్లో పీట కూడా దాని చోటు దాటి ఉండకూడదు. చుట్టాలెవరైనా మంచం జరిపితే అమ్మ వాళ్ల ముందే తిరిగి లాగేది.

వాడికి ఎవరూ సైకిలు ఇవ్వలేదు. ఒకసారి ఎవరిదో అడక్కుండా తీసుకుని మునిమాపు వేళ కాలవ గట్టున తొక్కి, సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. నాన్న కొట్టలేదు. "ఇంకెప్పుడూ బండి నడపనని నా మీద ఒట్టెయ్యి" అన్నారు. ఒట్టేశాడు. నాన్న పోయినా, తను నడివయసుకొచ్చినా, స్కూటరు వెనక సీటు తప్ప ఎరగడు. పెళ్లిచూపులకి వెళ్లినచోట గుమ్మానికి తల కొట్టుకుని, కాఫీ పళ్లాన్ని మోచేత్తో తోసేశాడు. ఆ సంబంధం తప్పిపోయాక మళ్లీ చూపులకి రానన్నాడు. నేను ఎందుకు చేసుకోలేదన్నది వేరే కథ, ఇక్కడ వద్దు. అమ్మ కూడా పోయాక తెనాలిలో నా ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

వాడు బాపట్లలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. తెనాలి నుంచి పొద్దున రైలెక్కి సాయంత్రం రైలుకి వచ్చేవాడు. వాళ్ల ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, భోజనాల వేళ ఎవరో అందులో కార్ల పందెం గేము పెట్టి చూపించారట. ఆరోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "అక్కా, నేను కారు నడిపాను" అన్నాడు. నిజం కారే అనుకుని హడలిపోయాను. తర్వాత విషయం తెలిసి నవ్వితే, "నవ్వకు. రోడ్డుకి అటూ ఇటూ తెల్లగీతలున్నాయి. అమ్మ గీసినట్టే ఉన్నాయి. వాటి మధ్య ఉంటే చాలు" అన్నాడు. నలభై దాటినవాడి మొహంలో ఆ వెలుగు అంతకుముందు నేను చూడలేదు.

ఎక్కువ కాలం గడవకుండానే, చలికాలం సాయంత్రం ఒకరోజు, బాపట్ల స్టేషన్లో ప్లాట్‌ఫారం అంచు తెలియక పట్టాల మీద పడ్డాడు. రైలు ఇంకా దూరంలో ఉంది కాబట్టి బతికాడు. ఉద్యోగం మానిపించి ఇంటిపట్టున ఉంచాను. ఇంట్లో కూర్చున్నవాడికి కాలక్షేపం ఉండాలని స్టేషను రోడ్డులో కంప్యూటర్లు అమ్మే ఖాదర్ దగ్గర ఒకటి బిగింపించాం. ఖాదర్ చెల్లెలు నా దగ్గర చదువుకుంది, అందుకని నేను కొట్టు మెట్టెక్కగానే లేచి నిలబడేవాడు. ఆ కంప్యూటరుతో వచ్చిందే పదిహేను అంగుళాల మానిటరు, వెనక పెద్ద బుర్ర ఉన్న పాతరకం. వాడు పొద్దున టిఫిను కాగానే దాని ముందు కూర్చునేవాడు. నేను పక్కగా కుర్చీ వేసుకుని ట్యూషను పిల్లల పేపర్లు దిద్దుకునేదాన్ని. తెర వంక చూసేదాన్ని కాదు. ఆ రోడ్డు అలా పరిగెడుతుంటే నాకు కళ్లు తిరిగి వాంతి వచ్చేది.

వాడికి మొదటినుంచీ రెండు ఫిర్యాదులు. పందెం ముగిసేచోట స్పీకర్లలో వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. ఖాదర్ స్పీకర్లు మార్చి ఇచ్చినా ఆ వాన తగ్గలేదు. పాటలు పెడితే మాత్రం రాదు. "గేములోనే ఉందేమోనండీ" అని అతను చేతులెత్తేశాడు. రెండో ఫిర్యాదు కార్ల గురించి. "ఈ కార్లు ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నాయక్కా? ముందు ఉండవు, పక్కన ఉండవు, ఉన్నట్టుండి మీద ఉంటాయి." మేం అది గేము చేసినవాళ్ల గడుసుతనం అనుకున్నాం. తర్వాత అన్నం తినేటప్పుడు మంచినీళ్ల గ్లాసు కూడా అలాగే ఉన్నట్టుండి ప్రత్యక్షమవడం మొదలుపెట్టింది. గుంటూరు తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరు చాలాసేపు చూశాడు. "ఇది మీరనుకునే రేచీకటి కాదండి. కంటి వెనక పొర అంచుల నుంచి ఎండుకుంటూ వస్తుంది. చూపు చిన్నదైపోతూ వస్తుంది" అన్నాడు. మందు అడిగాను. "లేదండి" అన్నాడు. ఎక్కడా లేదా అని అడిగాను. "ఎక్కడా లేదండి. మీ అమ్మానాన్నలది మేనరికమా?" మా అమ్మ సొంత మేనమామనే చేసుకుంది. అలాంటి ఇళ్లల్లో పిల్లలు నలుగురుంటే ఒకరికి వచ్చే వీలుందని చెప్పాడు. బస్సులో తెనాలి వచ్చేదాకా నేను ఆ లెక్క దగ్గరే ఆగిపోయాను. నలుగురిలో ఒకరికి అయితే, మేము ఇద్దరమే కదా. పుట్టని ఆ ఇద్దరి వంతు మంచి చూపు ఎక్కడికి పోయినట్టు? లెక్కల టీచరు వెయ్యకూడని ప్రశ్న అది. సంభావ్యత అలా పనిచెయ్యదని నాకు తెలుసు. తెలిసినా దారి పొడుగునా అదే వేసుకున్నాను. పక్క సీట్లో వాడు కిటికీ ఊచ పట్టుకుని, "మునగాకు అనవసరంగా తిన్నానన్నమాట" అన్నాడు.

చూపు చిన్నదవుతుందంటే చూసే వస్తువు పెద్దది చెయ్యాలి. మా ఇద్దరికీ, ఖాదర్‌కీ, మాట చెప్పినవాళ్లందరికీ తోచింది ఇదే. పెద్దక్షరాల బైబిలు కొన్నాం, పెద్ద అంకెల గడియారం కొన్నాం. ఖాదర్ హైదరాబాదు నుంచి ఇరవై ఒక్క అంగుళాల మానిటరు తెప్పించాడు. "బొమ్మలు గీసే ఆఫీసుల్లో వాడేదండీ, తెనాలిలో ఎవరింట్లోనూ లేదు" అన్నాడు. రిక్షాలో తెచ్చి ఇద్దరు మోశారు. దాని బరువుకి పాత బల్ల ఊగుతుంటే టేకు బల్ల చేయించాం. ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్లారు. దయాకర్ తెర ముందు కూర్చుని కీబోర్డు మీద చేతులు పెట్టాడు. మొదటి మలుపులోనే గోడకి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "అలవాటవ్వాలి" అన్నాడు.

అలవాటు కాలేదు. వాడి కుర్చీ రోజూ కాస్త వెనక్కి జరుగుతూ వచ్చింది. మొదట బల్లకి దూరంగా, తర్వాత గది మధ్యకి, తర్వాత గుమ్మంలోకి. కీబోర్డు తీగ చాలక ఖాదర్‌ చేత పొడుగు తీగ వేయించాం. నేను వంటింట్లోకి పోవాలంటే వాడి ఒళ్లో నుంచి దాటాలి. "ఇది మానిటరా, సినిమాహాలా? నేల టిక్కెట్టు నుంచి బాల్కనీకి జరిగావు, రేపు ప్రహరీ అవతల కుర్చీ వేస్తావా?" అని విసుక్కున్నాను. వాడు నవ్వలేదు. "దగ్గరకెళితే రోడ్డు ఉండటం లేదక్కా" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒక బొమ్మ గుర్తొచ్చింది. స్కూల్లో ఎన్నేళ్లో నల్లబల్ల మీద గీసిన బొమ్మ అది. ఒక బిందువు దగ్గర రెండు గీతలు కలుస్తాయి, వాటి మధ్య ఒక కోణం. సుద్దముక్క తీసుకుని వాణ్ణి వసారాలోకి పిలిచాను. గోడ మీద ఒక చుక్క పెట్టి, ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడమన్నాను.

"చుక్కనే చూడు. కళ్లు తిప్పకు. నా చేతిలో సుద్దముక్క కనపడగానే చెప్పు."

"ఇన్నాళ్లకి నన్ను కూడా బోర్డు దగ్గరికి పిలిచావా, టీచరూ?"

"మాట్లాడకు."

గోడ అంచు నుంచి సుద్దముక్కని మెల్లగా చుక్క వైపు జరుపుకుంటూ వచ్చాను. వాడు ఏమీ అనలేదు. ఇంకా జరిపాను. ఏమీ అనలేదు. చుక్కకి దగ్గరగా వచ్చేసరికి ఆగాను. "కనపడిందా?" అన్నాను. వాడు ఉలిక్కిపడ్డాడు. "నువ్వు ఇక్కడే ఉన్నావా? లోపలికి వెళ్లావనుకున్నా" అన్నాడు.

పైనుంచి, కిందనుంచి, రెండు పక్కలనుంచి అలాగే చేసి, "ఆఁ" అన్నచోటల్లా గుర్తు పెట్టి, గుర్తులన్నీ కలిపాను. సున్నా వచ్చింది. వాడు దగ్గరికొచ్చి వేలితో తడిమాడు.

"ఎంతుందక్కా?"

"పళ్లెమంత."

"అన్నం పళ్లెమా, టిఫిను పళ్లెమా?"

"అన్నం పళ్లెం."

"పర్లేదు. కడుపు నిండా తినొచ్చు" అన్నాడు.

అప్పటికి గాని మాకు అర్థం కాలేదు. వాడు చూసేవన్నీ బాగానే కనపడుతున్నాయి, పళ్లెం అంచుల్లోపల ఉన్నంతవరకు. తెర ఎంత పెద్దదైతే అంత పళ్లెం బయటికి పోతుంది. బాగా వెనక్కి జరిగితే పళ్లెంలో పడుతుంది, లేదా తెరే చిన్నదవ్వాలి. కార్లు ఊడిపడటం గేము చేసినవాళ్ల గడుసుతనం కాదు. అవి పళ్లెం అంచు దాటి లోపలికొస్తున్నాయి, అంతే. ఇరవై ఒకటిని అటకెక్కించి పదిహేనుని దింపాం. వాడి కుర్చీ గుమ్మంలోంచి తిరిగి గదిలోకొచ్చింది. మళ్లీ పందేలు గెలిచాడు. గెలిచినప్పుడల్లా స్పీకర్లలో ఆ వాన పడేది, వాడు విసుక్కునేవాడు.

కానీ పళ్లెం పళ్లెంలా ఉండలేదు. కుర్చీ మళ్లీ వెనక్కి కదిలింది. గుమ్మం దాటింది, వసారాలోకి వచ్చింది, వసారా గోడకి వీపు ఆనింది. ఆ తర్వాత ఇంట్లో వెనక్కి జరగడానికి చోటు లేదు. అప్పుడు ఖాదర్ కొట్టుకి వెళ్లి, ఇంతకంటే చిన్న మానిటరు ఉందా అని అడిగాను. అతను నేను చెప్పింది తిరగబడి వినపడిందనుకున్నాడు. ఆ రోజుల్లోనే పల్చటి మానిటర్లు కొత్తగా వచ్చాయి. కొట్టునిండా కాలేజీ పిల్లలు వాటి చుట్టూ మూగి ఉన్నారు. అందులో ఒకతను, "గేములకా ఆంటీ? గేములకైతే పెద్దది తీసుకోవాలి ఆంటీ, చిన్నదాంట్లో ఏముంటుంది?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "పదిహేను కంటే చిన్నది కావాలయ్యా" అంటే మిగతావాళ్లు మొహాలు చూసుకున్నారు. ఖాదర్ మాత్రం నవ్వలేదు. "ఇంతకంటే చిన్నవంటే గడియారాలేనండీ టీచరుగారూ" అని మెల్లగా అన్నాడు.

ముందు పల్చటివాటిలో చిన్నది చూడమంటే, దయాకర్‌ని కూడా కొట్టుకి తీసుకొచ్చాను. దయాకర్ మానిటరు ఎంచే పద్ధతి వేరు. మిగతావాళ్లు పాటలు పెట్టించుకుని రంగులు చూసేవారు. వీడు గేము పెట్టించి రోడ్డు మీద తెల్లగీత ఒక్కటే చూసేవాడు. కారు ఆగి ఉన్నంతసేపూ పల్చటిదాంట్లో గీత దారంలా ఉంది. వేగం అందుకోగానే తోక వదిలింది. "తడి ముగ్గు మీద ఎవరో కాలీడ్చినట్టుంది, వద్దు" అన్నాడు. పక్కన పాతరకంలో అదే రోడ్డు పెడితే, ఎంత వేగంలోనూ గీత గీతే. ఖాదర్ ఆశ్చర్యపోయి తనూ వంగి చూశాడు. చివరికి చీరాలలో ఒక బట్టల కొట్టు బిల్లుల బల్ల మీద నుంచి తీసేసిన తొమ్మిది అంగుళాల మానిటరు పట్టుకొచ్చాడు. అందులో రంగులు లేవు, నలుపూ తెలుపే. "ఏమీ అనుకోకండి దయాకర్ అన్నా, ఇదే దొరికింది" అన్నాడు. వాడు దాని ముందు కూర్చుని గేము పెట్టించుకున్నాడు. నల్లటి నేల మీద తెల్లటి గీత. "ఇది అచ్చంగా మన రేపల్లె వసారా" అన్నాడు నాతో.

ఆ తొమ్మిది అంగుళాల రోడ్డు మీద వాడు నడిపినంతకాలం నడిపాడు. ట్యూషనుకొచ్చే ఆడపిల్లలు దాన్ని చూసి మూతులు బిగబట్టుకుని నవ్వేవారు. వసారా గోడ మీద నేను అప్పుడప్పుడూ సున్నా గీస్తూనే ఉన్నాను. అదే స్తంభం, అదే చుక్క. అన్నం పళ్లెం టిఫిను పళ్లెమైంది. తర్వాత ఒకరోజు "ఎంతుందక్కా?" అంటే "సాసరంత" అన్నాను. "సాసర్లో ఏం పెడతారు?" అన్నాడు. "ఏమీ పెట్టరు. కాఫీ చల్లారబెట్టుకుంటారు." "అయితే కాఫీ ఇవ్వు" అన్నాడు. సున్నాలన్నీ ఒకదాని లోపల ఒకటి గోడ మీద ఉండేవి. వాటి మధ్య దూరం కొలిస్తే చివరి సున్నా ఎప్పటికి చుక్కలో కలిసిపోతుందో లెక్క కట్టొచ్చు. కట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఎంతమంది పిల్లల తప్పులు ఎర్ర సిరాతో కొట్టేశానో, ఆ ఒక్క లెక్కా తప్పు కావాలని మోకాళ్ల మీద ప్రార్థించాను. తప్పు కాలేదు.

ఇప్పుడు ఖాదర్ కొట్లో కంప్యూటర్లు లేవు, ఫోన్లే. అరచేతిలో పట్టే తెరలు, వాటిలోనే ఆటలు, అందరూ చిన్నవాటిలోకే వచ్చేశారు. ఇలాంటి తెర ఆ రోజుల్లో దొరికితే వాడికి ఇంకొన్నాళ్లు రోడ్డు ఉండేదేమోనని ఎవరి చేతిలో ఫోను చూసినా అనుకుంటాను. ఉండేదేమో. ఎంత కాలమో కూడా కట్టగలను గానీ కట్టను. ఇప్పటి డాక్టర్లు బిడ్డ పుట్టకముందే చెప్పగలరట. మా అమ్మకి ఏమీ తెలియదు. తెలియకుండానే కుండలో సున్నం దాచింది. నాకు అన్నీ తెలిశాయి, జబ్బు పేరూ, కారణమూ, కోణమూ, చూపు పోయే రోజూ. తెలిసి ఆమె కంటే ఎక్కువ ఏం చెయ్యగలిగాను?

తెల్లగీత కూడా కనపడని రోజులొచ్చాక వాడు కంప్యూటరు వైపు వెళ్లలేదు. దాని మీద గుడ్డ కప్పాను. వాడు రేడియో వినేవాడు, వసారాలో గోడ పట్టుకుని నడిచేవాడు. ఒక పొద్దున, టిఫిను తింటూ, "ఖాదర్ కొట్టుకి వెళదాం, మానిటరు కొనాలి" అన్నాడు. నేను చట్నీ గిన్నె కింద పెట్టాను. బుద్ధి చెదిరిందేమోనని భయం వేసింది. ఎదురు చెప్పకుండా రిక్షా పిలిచాను.

కొట్లో ఖాదర్ నా మొహం చూసి, వాడి మొహం చూసి, "ఏ సైజు చూపించమంటారన్నా?" అన్నాడు.

"అన్నిటికంటే పెద్దది ఏది?"

ఖాదర్ వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అప్పుడే వచ్చిన వెడల్పాటి పల్చటి మానిటరు మీద పెట్టాడు. అవి బాగుపడ్డాయనీ, ఇప్పుడు తోక వదలడం లేదనీ చెప్పాడు. దయాకర్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రెండు చేతులతో తడుముకుంటూ వెళ్లాడు. చేతులు బాగా చాచాల్సి వచ్చింది.

"నీకెందుకురా ఇంత పెద్దది?" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

"నాక్కాదు. ఇకనుంచీ చూసేది నువ్వే కదా. నీకు చిన్నదెందుకు?"

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. వాడి చేతులు కీబోర్డు మీద, నా కళ్లు తెర మీద. కళ్లు తిరగకుండా అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాను. పందెం మొదలైంది. "కుడివైపు ఇరవై డిగ్రీలు" అన్నాను. గోడకి కొట్టాడు. "ఎడమకి, కాదు, ఇంకో పదిహేను" అన్నాను. మళ్లీ కొట్టాడు. "అక్కా, నువ్వు లెక్క చేసి చెప్పేలోపు ఊరు దాటిపోతున్నాం. రేపల్లెలో ఎలా చెప్పేదానివి? మెట్టు, గుంట. అలా చెప్పు." అప్పుడు "కుడి" అన్నాను, "ఎడమ" అన్నాను, "ఆగు" అన్నాను. వంకరటింకరగా, ఎద్దుబండి వేగంతో, ఒక చుట్టు తిరిగొచ్చాం. మిగతా కార్లన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి. చివరి మలుపు తిరుగుతుంటే స్పీకర్లలో ఆ పాత చప్పుడు మొదలైంది.

"మళ్లీ వాన" అన్నాడు.

ఇన్నేళ్లలో నేను ఆ తెర వంక తిన్నగా చూడటం అదే మొదటిసారి. చూసి, "వాన కాదురా" అన్నాను.

"మరేంటి?"

"జనం. రోడ్డుకి రెండు పక్కలా నిలబడ్డారు. చప్పట్లు కొడుతున్నారు."

వాడి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. "మనుషులున్నారా?" అన్నాడు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఉన్నట్టున్నారు."

"చాలామందా?"

"గోడ పొడుగూతా ఉన్నారు. పిల్లలు కూడా ఉన్నారు. ఒకాయన టోపీ ఊపుతున్నాడు."

వాడు మొహం కొద్దిగా పక్కకి తిప్పాడు, అటు, ఇటు, వాళ్లు గదిలోనే నిలబడి ఉన్నట్టు. తర్వాత చొక్కా మెడ సర్దుకుని, మళ్లీ వేళ్లు పెట్టాడు.

"అయితే ఇక్కడ కాస్త మెల్లగా పోనిద్దాం అక్కా" అన్నాడు.